కుడి పక్కన మిగిలేది

శోభారాణి మేడం బోర్డు మధ్యలో ఒక బాణం గీసి, దానికి ఎడమ పక్కన ఉన్నవి క్రియాజనకాలు, కుడి పక్కన ఉన్నవి క్రియాజన్యాలు అని మూడోసారి చెప్పింది. తర్వాత పదో తరగతి వైపు తిరిగి, ఎడమన నాలుగు హైడ్రోజన్లుండి కుడిన రెండే కనబడుతుంటే మిగతా రెండూ ఎటు పోయినట్టని అడిగింది. గాలిలో కలిసిపోయాయని వెనక బెంచీ నుంచి ఒక పిల్ల చెప్పింది. క్లాసంతా నవ్వింది గానీ మేడం నవ్వలేదు.

"గాలిల కలిస్తే గాలిలనే ఉంటయి. ఏదీ మాయం కాదు. మాయమైందని అన్నమంటే మనం సరిగ్గ లెక్క పెట్టలేదన్నట్టు," అని సుద్దముక్క కింద పెట్టింది.

సమీకరణం తుల్యం చేయమంటే ఆ క్లాసులో సగం మందికి చలిజ్వరం వచ్చేది. పాఠ్యపుస్తకంలో ఎడమ పేజీ తెలుగు, కుడి పేజీ ఇంగ్లీషు. రెండు పేజీలూ కలిపి చదివినా బుర్రకెక్కలేదని మానస పక్కన కూర్చున్న పిల్ల రోజూ మొత్తుకునేది. మానసకు మాత్రం ఈ పాఠం ఇష్టం. పెన్సిలుతో ఒక అంకె వేస్తుంది, అటు సరిపోతే ఇటు చెడుతుంది, చెరిపేసి ఇంకొకటి వేస్తుంది. ఎక్కడో ఒకచోట రెండు పక్కలూ సమానమవుతాయి. అప్పుడు ఆమెకు కడుపులో ఏదో కుదురుకున్నట్టుండేది. ఇంట్లో సంగతులేవీ అలా సరిపోయేవి కావు మరి.

గంట కొట్టేముందు మేడం ఒక పని అప్పగించింది. మంగళవారంలోగా ప్రతివాళ్లూ తమ ఇంట్లోనో, అమ్మానాన్నలు పనిచేసేచోటో జరిగే రసాయన చర్య ఒకటి తెలుసుకుని, తుల్యం చేసి తేవాలి. పుస్తకంలో ఉన్నది రాస్తే లెక్కలోకి రాదు. అప్పటికే ఒక పిల్ల సున్నం తనదని, ఇంకో పిల్ల వంట సోడా తనదని గుత్తకు పట్టేశారు.

బడి ఉన్న వర్ధన్నపేట నుంచి మానస ఊరికి మూడు కిలోమీటర్లు. ఆటో బస్సులాగే స్టేజీ దగ్గర దింపుతుంది. స్టేజీలోనే మేనమామ రాజమల్లు మోటార్ల రిపేరు దుకాణం. కాలిపోయిన పంపుసెట్టు మోటారు ముందేసుకుని రాగితీగ చుడుతూ, మేనకోడలు దిగగానే ఏమన్నా తిన్నావా అని అడగడం అతని అలవాటు. తల్లి లేని పిల్ల అని ఆ ఊళ్లో ఆమెను అందరికన్నా ముద్దు చేసేది అతనే. అక్కడినుంచి ఇంటికి దగ్గరిదారి ఒకటుంది. కానీ ఆ దారిలో కట్టమ్మ ఇల్లుంది గనుక ఊరు ఊరంతా వడ్లమిల్లు చుట్టూ తిరిగి పోతుంది. కాళ్లకు శ్రమైనా ఫరవాలేదు, భయానికి దూరం లెక్క కాదు.

ఆ సాయంత్రం వానకు మిల్లు దారి మోకాటిలోతు బురదైంది. మానస చెప్పులు చేతబట్టుకుని దగ్గరిదారినే నడిచింది. కట్టమ్మ వాకిట్లో బర్రెకు కుడితి పెడుతోంది. పిల్లను చూడగానే బకెట్టు అక్కడే వదిలి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఎదుటివాళ్లు మొఖం తిప్పుకోవలసిన పని లేకుండా తానే ముందుగా తప్పుకోవడం ఆమెకు అలవాటైపోయింది. కొంగు చాటున ఆమెకు పైవరస ముందు పళ్లు రెండు లేవు.

ఆ పళ్లు పీకింది రాజమల్లే, దుకాణంలోని పటుకారుతో. ఆరేళ్ల కింద వానాకాలంలో ఒక ఉదయం మానస తల్లి సావిత్రి పడుకున్నచోటే చనిపోయి కనిపించింది. పక్కనే పడుకున్న తొమ్మిదేళ్ల మానస వాంతులతో మూడు రోజులు దవాఖానలో ఉండి బతికి బయటపడింది. ఆ ఉదయమే దవాఖాన మంచం దగ్గర, రాత్రి ఏం తిన్నరు బిడ్డా అని మామ అడిగితే, కట్టమ్మ పెద్దమ్మ జున్ను తెచ్చిచ్చింది, అది తిన్నమని చెప్పింది. అందులో అబద్ధమేమీ లేదు. కానీ నలుగురిలో చెప్పిన ఆ ఒక్క మాటతో పొద్దు గూకేలోగా జున్నులో చేతబడి చేసిందని ఊరు తేల్చేసింది. చేతబడి చేసేవాళ్లకు పళ్లూడితే మంత్రం పలకదని పెద్దలంటారు. పెద్దలన్నది కాదనే పెద్దలు ఆ రోజు ఎవరూ లేకపోయారు.

పీకుతుంటే కట్టమ్మ కేక వేయలేదనీ, నేను కాదు అని ఒక్కసారైనా అనలేదనీ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. తప్పు చేసినదానికి నోరెట్లా లేస్తుందని కూడా చెప్పుకుంటారు. ఇప్పుడు ఆమె పాలు ఎవరూ కొనరు. పరాయి ఊరి వ్యాను వచ్చి పట్టుకుపోతుంది. అవే పాలు ప్యాకెట్టులో తిరిగొచ్చి స్టేజీ దగ్గర అందరి చాయలోనూ పడతాయి. ప్యాకెట్టుకు మాత్రం ఏ దోషమూ అంటదు.

మానస ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని వంట మొదలుపెట్టింది. పప్పులో తాలింపుకు జీలకర్రే, ఎల్లిగడ్డ ఆ ఇంట్లోకి రాదు, ఒక్క వెల్లుల్లి రెబ్బ కూడా. సావిత్రి పోయాక తండ్రి సాంబయ్య పెట్టిన కట్టడి అది. మొక్కుకున్నానంటాడు, ఏ దేవుడికో చెప్పడు. ఇంకొకటి, చలికాలమైనా సరే తలుపులు బార్లా తెరిచే పడుకోవాలి. సావిత్రి పోయిన లోపలి గదికి గొళ్లెం పెట్టే ఉంటుంది. ఆ గదిలో గాజుల చప్పుడవుతుందని పక్కింటివాళ్లు చెప్పేవారు. మానసకు ఎప్పుడూ చప్పుడు వినబడలేదు. ఆమెను వెంటాడేది ఒక వాసన. ఎక్కడైనా పెళ్లిలో ఎల్లిగడ్డ కారం వడ్డిస్తే చాలు, ఆమెకు ఒళ్లంతా చెమట పట్టి, తల్లి చేయి తన మీది నుంచి జారిపోతున్నట్టు అనిపించి, విస్తరి ముందు నుంచి లేచిపోయేది.

తండ్రి ఎనుమాముల మార్కెట్టు దగ్గర ఒక ప్రైవేటు గోదాములో హమాలీ. మీ పనిలో రసాయన చర్య ఏముంటుంది బాపూ అని అన్నం పెడుతూ అడిగింది. బస్తాలు మోసుడే తప్ప ఇంకేముంటదని అతను కంచంలోనే చూస్తూ చెప్పాడు.

ఆదివారం సాంబయ్య పొద్దున్నే పోయాడు, సద్ది గిన్నె మరిచిపోయాడు. మానస దాన్ని పట్టుకుని బస్సెక్కింది. గోదాముకు రావద్దని అతను ఎన్నోసార్లు చెప్పినా, ఆకలితో బస్తాలు మోస్తాడన్న బాధతో బయల్దేరింది. మేడం చెప్పిన పని కూడా మనసులో లేకపోలేదు.

గోదాములో ఒక పక్క లారీ నుంచి మక్కల బస్తాలు దింపుతున్నారు. ఇంకో పక్క ఇంటి కప్పంత ఎత్తున పేర్చిన బియ్యం బస్తాల మీద మందపాటి ప్లాస్టిక్ పట్ట కప్పి, పట్ట అంచుల మీద చుట్టూ ఇసుక నింపిన పొడుగాటి సంచులు పరిచి ఉన్నాయి. పైన పుర్రె బొమ్మ కాగితం అంటించి ఉంది. అక్కడ కుర్చీ వేసుకుని వీరభద్రం అనే పెద్దాయన కూర్చున్నాడు. పురుగుల మందు పెట్టడానికి సర్కారు లైసెన్సు ఉన్న మనిషి. మెడలో మాస్కు వేలాడుతోంది.

ఇదేంటని మానస అడగ్గానే ఆయన మొఖం వికసించింది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఎవరూ ఆయనను పాఠం అడగలేదు. బియ్యానికి పట్టే ముక్కపురుగును చంపడానికి మాత్రలు పెడతారని, ఆ మాత్రకు గాలిలోని చెమ్మ తగిలితే చాలు విషవాయువు పుడుతుందని, అందుకే పట్ట విప్పేదాకా పిట్టను కూడా దగ్గరికి రానివ్వనని చెప్పాడు. మందు పేరు అల్యూమినియం ఫాస్ఫైడ్ అని, పుట్టే వాయువు పేరు ఫాస్ఫీన్ అని ఒక్కొక్క అక్షరం కూడబలికి రాయించాడు. చర్య అయిపోయాక ఏం మిగులుతుందని మానస అడిగింది.

"తెల్ల పొడి, బూడిద లెక్క. దాన్ని చూస్తే మాత్ర పనిజేసిందని మాకెర్కైతది. వాసన గూడ ఉంటది, జర ఎల్లిగడ్డ వాసన. ఆ వాసనొచ్చిందంటే ఉరుకుడే బిడ్డా."

ఆమె రాసుకుంటూనే ఉంది. అప్పుడే సాంబయ్య మక్కల బస్తా వీపున వేసుకుని లారీ దగ్గర్నుంచి వస్తున్నాడు. పుర్రె బొమ్మ కింద నోటుపుస్తకం పట్టుకుని నిలబడ్డ కూతురిని చూశాడు. ఇరవై ఏళ్లుగా బస్తా మోస్తున్న మనిషి, వీపు మీది బస్తాను నడిదారిలో జారవిడిచాడు. కుట్టు పిగిలి మక్కలు కాళ్ల చుట్టూ దొర్లాయి. తోటివాళ్లు మేస్త్రీ చూస్తాడని తొందరపెడుతున్నా అతను ఏరడానికి వంగలేదు. కూతురి చెయ్యి పట్టుకుని గేటు దాకా లాక్కొచ్చి, ఇంటికి పొమ్మని ఒక్క మాట అని, సద్ది గిన్నె కూడా తీసుకోకుండా వెనక్కి వెళ్లాడు. బాపు తనమీద చెయ్యి ఎత్తింది ఎన్నడూ లేదు, ఇంత గట్టిగా పట్టుకున్నదీ లేదు. మణికట్టు దగ్గర వేళ్ల అచ్చులు ఎర్రగా తేలాయి.

బస్సులో ఆమె మందు పేరు తప్పుల్లేకుండా మళ్లీ రాసుకుంది. నోటుపుస్తకం వెనక రాసుకున్న సంయోజకతల పట్టికతో సూత్రాలు కట్టుకుని తుల్యం చేయడం మొదలుపెట్టింది. ఎడమన అల్యూమినియం ఫాస్ఫైడ్, నీరు. కుడిన అల్యూమినియం హైడ్రాక్సైడ్, ఫాస్ఫీన్. నీటి అణువు ఒకటే ఉంచితే కుడి పక్క ఆక్సిజన్లు రెండు ఎక్కువవుతున్నాయి. రెండు పెట్టినా చాలలేదు. మూడు పెట్టింది. ఆక్సిజన్లు మూడు, మూడు. హైడ్రోజన్లు ఆరు, ఆరు. ఒక్క పట్టులో కుదిరింది. ఎప్పటిలా సంతోషం మాత్రం కలగలేదు. ఎందుకో తెలియక, బాపు కోపం వల్లనే అనుకుంది.

మంగళవారం క్లాసులో సున్నాలూ సోడాలూ అయ్యాక మానస వంతొచ్చింది. బోర్డు మీద రాసింది.

AlP + 3H₂O → Al(OH)₃ + PH₃

మేడం దగ్గరికొచ్చి చూసి, పుస్తకంలో లేనిది తెచ్చింది ఈ పిల్ల ఒక్కతేనని మెచ్చుకుంది. ఈ చర్య జరిగిందని గుర్తుపట్టడం ఎలాగో క్లాసుకు చెప్పమంది. మానస నోటుపుస్తకం తెరిచి చదివింది. కుడి పక్కన వచ్చేవి రెండు. ఒకటి వాయువు, అది కంటికి కనబడదు, ఎల్లిగడ్డ వాసన వస్తుంది. రెండోది మిగిలిపోయే తెల్లటి పొడి.

మిగిలిపోయే, అన్న మాట దగ్గర ఆమె చదవడం ఆపింది. ఆ రోజు ఎవరో తనను భుజాన వేసుకుని ఆటో దగ్గరికి పరుగెత్తుతున్నారు. తల వెనక్కి వేలాడుతోంది. ఇల్లు తలకిందులుగా కనబడుతోంది. వాకిట్లో ఆడవాళ్లు గుండెలు బాదుకుంటున్నారు. అందరూ అమ్మ చుట్టూ ఉంటే బాపు ఒక్కడే బోరింగు దగ్గర ఉన్నాడు. ఒక గుడ్డ విప్పి దులిపితే తెల్లగా ఏదో వాననీటిలో పడింది. తర్వాత ఆ గుడ్డను ఉతికాడు, పిండాడు, మళ్లీ ఉతికాడు. తన వాంతి గుడ్డను ఉతికాడని ఆరేళ్లుగా అనుకుంటోంది. అంత కష్టంలోనూ నా వాంతి కడిగాడు మా బాపు అని, ఆ తలపుతోనే ఆయన మీద ప్రాణం పెట్టుకుంది.

తన వాంతి తెల్లగా లేదు. పసుపుపచ్చగా ఉండింది. ఈ సంగతి ఎప్పుడూ తెలిసిందే, లెక్క పెట్టలేదంతే.

ఏమైందని మేడం భుజం పట్టుకుంది. తల తిరిగిందని చెప్పి మానస బెంచీలో కూర్చుంది. బోర్డు మీద ఆ సమీకరణం గంట కొట్టేదాకా అలాగే ఉంది, అటూ ఇటూ సమానంగా.

సాయంత్రం సాంబయ్య వచ్చేసరికి ఆమె పొయ్యి ముట్టించలేదు. అతను చొక్కా విప్పి, బస్తాల గీకుడుకు మొద్దుబారిన మెడ మీద కొబ్బరినూనె రాసుకుంటూ గడపలో కూర్చున్నాడు. మూడు రోజులుగా తండ్రీకూతుళ్ల మధ్య మాటలు ముక్తసరిగానే నడుస్తున్నాయి.

"బాపూ, అమ్మ పోయిన పొద్దు బోరింగు కాడ కడిగినవు గద, ఆ గుడ్డల ఏముండె?"

ఏ గుడ్డ అని అతను అడగలేదు. మెడ మీద చెయ్యి అలాగే ఆగింది. ఏ గుడ్డ అని అడిగి ఉంటే బాగుండునని, తాను పొరబడి ఉంటే బాగుండునని మానస ఎంతగానో కోరుకుంది.

అతను కూతురివైపు చూడకుండా, లోపలి గది గొళ్లెం వైపు చూస్తూ చెప్పాడు. బియ్యంలో ముక్కపురుగు పడితే సావిత్రి రోజూ చెరగడం, రోజూ ఏరడం. గోదాములో ఆ మాత్రలతో పురుగు పోవడం రోజూ చూస్తున్నవాడే గనుక, ఎవరూ చూడకుండా చేతికొచ్చినన్ని తెచ్చి, గుడ్డలో మూటకట్టి వాళ్లు పడుకునే లోపలి గదిలోని బియ్యం బస్తాల మధ్య పెట్టాడు. ఆ రోజు తనకు లారీ లోడు ఉండింది. వాన జల్లు కొడుతుంది, తలుపు గట్టిగా వేసుకుని పడుకోండని చెప్పి వెళ్లాడు. తెల్లారి వచ్చి తలుపు తీయగానే వాసన కొట్టింది. సంగతి ఆ క్షణంలోనే అర్థమైంది. శవాన్ని కోయవద్దని అందరికన్నా ముందు మొత్తుకున్నదీ తానే.

"మరి కట్టమ్మ పెద్దమ్మను గుంజుకపోతాంటే?"

"నువ్వు దవాఖానల ఉంటివి. నేను జైలుకు పోతే నీకెవలున్నరు?"

"పండ్లు పీకుతాంటే గూడ ఊకున్నవా?"

సాంబయ్య మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. "కాదని ఆమె ఒక్క మాట అంటదేమోనని చూసిన. అంటే నేను చెప్పేటోన్ని. ఆమె అన్లే. ఎందుకన్లేదో నాకిప్పటికి సమజ్ కాదు." తలెత్తి, కూతురి రెండు చేతులూ పట్టుకున్నాడు. "నోట్లె మాట నోట్లనే ఉండనీ బిడ్డా. మీ మామకు తెలిస్తే నన్ను బతకనియ్యడు. నాకు నువ్వు తప్ప ఎవలున్నరు?"

అతను ఏడుస్తున్నాడు. మానసకు అతనిని దగ్గరికి తీసుకోవాలనీ ఉంది, చేతులు విడిపించుకుని పారిపోవాలనీ ఉంది. రెండింటిలో ఏదీ చేయలేక అలాగే కూర్చుంది. ఎల్లిగడ్డ ఎందుకు రాదో, తలుపులు ఎందుకు తెరిచి ఉంటాయో ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ ఇంట్లో తిరుగుతున్నది అమ్మ కాదు. అమ్మ ఎప్పుడో వెళ్లిపోయింది.

మర్నాడు తండ్రి స్నానానికి వెళ్లగానే మానస యూనిఫాం వేసుకుని బయటపడింది. స్టేజీ వైపు పోకుండా నేరుగా కట్టమ్మ వాకిట్లోకి నడిచింది. కట్టమ్మ గోడకు పిడకలు చరుస్తోంది. పేడచేతులతోనే గబుక్కున లేచి, కొంగు నోట కరుచుకుంది.

"ఎవలన్న చూస్తరు, పో బిడ్డా. నీకే చెడ్డపేరు."

"నీకొకటి చెప్పాలె పెద్దమ్మా," అని మానస నోటుపుస్తకం తెరిచింది. కట్టమ్మకు చదువు రాదు. అయినా ఆ పేజీ తెరిచి పెట్టుకుంటే తప్ప మానసకు మాట వచ్చేట్టు లేదు. బాణం మీద వేలు పెట్టి చెప్పింది. ఎడమ పక్క మాత్ర, చెమ్మ. కుడి పక్క విషపు గాలి, తెల్ల పొడి. మాత్రలు బియ్యం బస్తాల్లో ఉన్నాయి. వాన పడింది. తలుపులు వేసి ఉన్నాయి. అమ్మ బస్తాల దిక్కు పడుకుంది, తాను గడప దిక్కు పడుకుంది, అందుకే తాను బతికింది.

"నీ జున్ను ఏ పక్కా లేదు పెద్దమ్మా."

కట్టమ్మ ఆ పేజీని చూసింది. "ఏ పక్కా లేదా?"

"లేదు."

"మల్ల చెప్పు."

మానస మొదటినుంచి మళ్లీ చెప్పింది. రెండోసారి అయ్యేసరికి కట్టమ్మ నేల మీద చతికిలబడింది. నేను చేయలేదని ఎన్నడో తెలిసిన మనిషికి ఈ మాట ఇంత కొత్తగా ఎందుకుండాలో మానసకు అర్థం కాలేదు. నీకు తెల్వదా, నువ్వేం చెయ్యలేదని నీకే తెల్వదా అని అడిగింది.

"నేనే సంపిననుకున్న బిడ్డా," అంది కట్టమ్మ.

అప్పుడు ఆమె చెప్పుకొచ్చింది. బర్రె ఈనే ముందురోజు మొండయ్య పత్తి చేలో పడింది. పురుగుమందు కొట్టిన చేను. కొమ్ములు పట్టి లాక్కొచ్చింది, ఏమీ కాదులే అనుకుంది. తొలి జున్ను ఇంట్లోవాళ్లు తినకముందే ఇరుగుపొరుగుకు పెట్టాలంటారని, తాను నోట వేసుకోకుండానే గిన్నె నిండా సావిత్రికి తెచ్చిచ్చింది. తెల్లారి సావిత్రి శవమైంది. మందు పాలల్లోకి దిగిందని, తన చేతి తిండే పచ్చని సంసారాన్ని కాల్చిందని అప్పుడే తీర్మానించుకుంది.

"మంత్రాలు నాకేడ అచ్చు? కని మందు సంగతి నాకెర్కే గద. కాదని ఏ నోటితోటి అందు? సావిత్రి పాణమే పోయింది, నావి రెండు పండ్లు పోతేంది అనుకున్న. అప్పటిసంది ఎవలకూ ఇంత ముద్ద పెట్టలే. బర్రె ఈనితే ముర్రుపాలు గుంత తవ్వి పోస్తాన."

ఊరు వేసిన శిక్ష కన్నా ఈమె తనకు తాను వేసుకున్నదే పెద్దదని మానసకు అప్పుడు తెలిసింది. బాపు ఎదురుచూసిన ఆ ఒక్క మాటను ఈమె ఎందుకు అనలేదో కూడా తెలిసింది. ఒకరు కాదంటారని ఒకరు, నేనే కాబోలునని ఒకరు, ఇద్దరూ నోళ్లు మూసుకుంటే మధ్యలో పటుకారు తన పని తాను చేసుకుపోయింది.

"పెద్దమ్మా, మరి దూడ?" అంది మానస. "దూడ గూడ అవే పాలు తాగింది గద. దానికేమన్న అయ్యిందా?"

కట్టమ్మ మెల్లగా తల తిప్పింది. ఆనాటి దూడ ఇప్పుడు రెండు ఈతల బర్రె. పాకలో నిలబడి నెమరు వేస్తోంది. ఆరేళ్లుగా కట్టమ్మ దానికి గడ్డి వేసింది, నీళ్లు పెట్టింది, పేడ ఎత్తింది, పాలు పిండింది. ఒక్కసారి కూడా ఈ చిన్న ప్రశ్న తోచలేదు. గుండెలో దిగులు కూర్చున్నాక మనిషికి కళ్లెదుట ఉన్నది కూడా కనబడదు.

ఆమె ఏడ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి, పేడచేతులు ఒళ్లో పెట్టుకుని, చిన్నపిల్ల ఏడ్చినట్టు ఏడ్చింది. మానస పక్కనే కూర్చుని ఉండిపోయింది. ఏడుపు తగ్గాక కట్టమ్మ బిందెలో నీళ్లతో చేతులు కడుక్కుని, మొఖం తుడుచుకుని, మాత్రలెవరు తెచ్చారని అడిగింది. మానస చెప్పింది.

"మరి మీ బాపుకు ఎప్పుడెర్కైంది?"

ఇది అడుగుతుందని మానస రాత్రంతా భయపడింది. నిన్ననే తెలిసిందని చెబితే అందరికీ మంచిదే.

"ఆ పొద్దే," అంది.

కట్టమ్మ నాలుక పళ్లు లేనిచోట అటూ ఇటూ తిరిగింది. ఆమె కళ్లలో తడి ఆరిపోయింది. మానసకు ఆమెను చూస్తే మొదటిసారి నిజంగా భయమేసింది.

"జున్ను మాట నువ్వప్పుడు నలుగుట్ల చెప్పినవు," అంది చివరికి. "ఇది గూడ నలుగుట్లనే చెప్పాలె బిడ్డా. నాకొక్కదానికి చెప్తే ఏం లాభం?"

స్టేజీ దగ్గర ఆ వేళకు పనులకు పోయేవాళ్లంతా ఉంటారు. చాయ హోటలు ముందు పదిమంది నిలబడి ఉన్నారు. రాజమల్లు దుకాణంలో మోటారుకు తీగ చుడుతున్నాడు. ఎనుమాములకు పోయే ఆటో కోసం సాంబయ్య టిఫిన్ డబ్బాతో నిలబడ్డాడు. నడిబజారున కట్టమ్మ నడిచి రావడం, ఆమె పక్కన మానస ఉండడం అందరూ ఒక్కసారే చూశారు. జనం గబగబా పక్కకు జరిగారు. ఒక తల్లి కొడుకును చీర వెనక్కి లాక్కుంది.

మానస మామ దుకాణం ముందు ఆగింది. తండ్రి వైపు చూస్తే మాట పెగలదని తెలిసి, మామనే చూస్తూ చెప్పింది. ఆ రోజు జున్ను తిన్నమని తాను చెప్పింది నిజమేనని, అమ్మ చచ్చిపోయింది మాత్రం దానివల్ల కాదని, బియ్యంలో పెట్టిన పురుగు మాత్రల వల్లనని. మధ్యలో రెండుసార్లు తడబడి, రెండుసార్లూ మొదటికొచ్చి చెప్పింది.

రాజమల్లు చేతిలో తీగ ఆగింది. అతను మేనకోడలిని చూడలేదు. కట్టమ్మను చూశాడు.

"పిల్లకు గూడ మంత్రం పెట్టినవా?" అన్నాడు.

ఆ మాటతో జనంలో కదలిక వచ్చింది. తల్లిని తిన్నది చాలక బిడ్డను పట్టిందన్నారెవరో. ఇద్దరు ఆడవాళ్లు మానసను రెండు జబ్బలా పట్టుకుని వెనక్కి లాగారు. చెరొకరు మంత్రం దింపే ఒక మందులోడి పేరు చెప్పారు. మొఖాన నీళ్లు కొట్టమని ఒకరు, నిమ్మకాయ తెమ్మని ఒకరు. మానస విడిపించుకోబోతే పట్టు ఇంకా బిగిసింది. చూసిండ్రా బలం, పిల్ల బలమేనా ఇది అని వాళ్లలో వాళ్లే అనుకున్నారు. రాజమల్లు దుకాణం మెట్టు దిగాడు.

సాంబయ్య కదలకుండా నిలబడి ఉన్నాడు. అతను ఏమీ చేయనక్కర్లేదు. ఊరుకుంటే చాలు, ఆరేళ్ల కింద ఊరుకున్నట్టే. ఎవరూ నమ్మరు, ఎవరూ తనను అడగరు. కాకపోతే ఇకమీదట కూతురు కూడా కట్టమ్మ దారిలోని మనిషే అవుతుంది. ఆటో వచ్చి ఆగింది. డ్రైవరు హారను కొట్టాడు.

"పిల్లను ఇడువుండ్రి," అన్నాడు సాంబయ్య.

ఎవరూ వినలేదు. అతను టిఫిన్ డబ్బా కింద పెట్టి, ముందుకొచ్చి, ఆడవాళ్ల చేతులను ఒక్కొక్కటిగా కూతురి జబ్బల మీదినుంచి తీశాడు.

"మాత్రలు నేనే తెచ్చిన బావా. పురుగుకని బియ్యంల పెట్టిన. ఆ పొద్దే నాకెర్క. పిల్ల నిజం చెప్తాంది."

రాజమల్లు అతని మీదికి వస్తాడని అందరూ అనుకున్నారు. రాలేదు. అతను బావ మొఖం చూశాడు, తర్వాత కట్టమ్మ నోటివైపు చూశాడు. ఆమె కొంగు అడ్డం పెట్టుకోలేదు. అతను మెట్టు మీద కూర్చుండిపోయాడు. హోటలు ముందు చాయ గ్లాసులు పట్టుకున్నవాళ్లు తాగడం మరిచిపోయారు.

కట్టమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. పెడితే వాళ్లకు కాస్త సులువయ్యేదేమో. వెనక్కి తిరిగి నడిబజారునే ఇంటికి నడిచింది. జనం మళ్లీ పక్కకు జరిగారు. ఈసారి ఆమె ఒక్కొక్కరి మొఖం చూసుకుంటూ నడిచింది. తల దించుకున్నది వాళ్లు.

మానస ఆమె వెంట బయల్దేరింది. బాపు పిలుస్తాడేమోనని రెండడుగులకోసారి నిదానించింది. ఆటో స్టార్టయి వెళ్లిపోయిన చప్పుడు వినబడింది. సాంబయ్య అది ఎక్కకుండా అక్కడే నిలబడ్డాడు గానీ పిలవలేదు.